మంగళ, శనివారాల మెయిలు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఈ ప్రపంచంలో లేదని గట్టి నమ్మకం. ఎం.సి.ఏ. అప్పుడే పూర్తయింది. ఎవరైనా ఏదైనా అడిగితే ఇప్పుడైతే "చూసి చెప్తాను" అంటాను. అప్పుడు చూడకుండానే చెప్పేదాన్ని, అదీ ఇంగ్లీషు కలిపి, ఎదుటివాళ్ళు మళ్ళీ అడగడానికి జంకేంత వేగంగా. చదువు ముగిసిన కొత్తలో చాలామందికి ఈ జబ్బు ఉంటుందనీ, మొదటి ఉద్యోగంలో దానంతటదే తగ్గిపోతుందనీ పెద్దవాళ్ళు అంటారు. నాకు మాత్రం జొన్న రొట్టెల వల్ల తగ్గింది.

ఆ మొదటి ఉద్యోగం మా బాబాయ్ దగ్గరే. ఉద్యోగాల కోసం గోదావరి వైపు నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడిన కుటుంబం మాది. ఇంట్లో అందరూ నెల జీతం మీద నిశ్చింతగా బతుకుతుంటే, మా నాన్న తమ్ముడు మాత్రం ఉన్న బ్యాంకు ఉద్యోగం మానేసి, తన ఇంటి పై అంతస్తులో మూడు కంప్యూటర్లు పెట్టి, మార్కెటింగ్ మెయిళ్ళు పంపే కంపెనీ తెరిచాడు. దుకాణాల వాళ్ళు తమ ఖాతాదారుల మెయిల్ అడ్రసులిస్తే, వాళ్ళ తరఫున "పండగ ఆఫర్", "కొత్త బ్యాచ్ ప్రారంభం" లాంటి కబుర్లు అందరికీ ఒకేసారి పంపడం మా పని. ఒక చీరల షోరూము, రామంతాపూర్‌లో ఒక పళ్ళ డాక్టరు, రెండు కోచింగ్ సెంటర్లు, ఒక జిమ్ము మా పోషకులు. ఆ మెయిళ్ళు ఆలస్యం కాకుండా, చెత్తబుట్టలో పడకుండా చూసే బాధ్యత నాది. "డెలివరబిలిటీ ఎగ్జిక్యూటివ్" అని కార్డు కూడా వేయించాడు బాబాయ్. (ఆ మాట మా అమ్మ చుట్టాలకు చెబితే, ఇంత చదివి కొరియర్ కంపెనీలో చేరిందేమిటని వాళ్ళు ఫోన్లో జాలిపడ్డారు.)

ఆఫీసు మొత్తానికి మేం ముగ్గురమే. బాబాయ్, నేను, సర్వర్ అన్న. సర్వర్ అన్న లాలాపేట మనిషి. బండి దిగి మెట్లెక్కి వచ్చాక కూడా చాలాసేపు హెల్మెట్ తీయడు. మా కంపెనీని నడిపించే యంత్రాంగమంతా అతని చేతిలో ఉండేది. ఏం అడిగినా ముందు "సర్వర్ సబ్ ఠీక్ ఉన్నది చెల్లె" అనేవాడు, తర్వాత చూసేవాడు. అంటే మా ఇద్దరి జబ్బూ ఒకటే, భాషే వేరు. కింద ఇంట్లో మా పిన్ని. జీతం లేని నాలుగో ఉద్యోగి అనొచ్చు. కాఫీ తెచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గర నిలబడి ఆఫీసుని ఒకసారి కలయజూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. ఆ ఏమీ అనకపోవడానికి బాబాయ్ చాలా భయపడేవాడు.

ఇక రొట్టెలక్క. మాణికేశ్వర్ నగర్‌లో, యూనివర్సిటీ గోడకు ఆనుకున్న వీధిలో ఉండేది. వ్యవసాయం చేసుకునే ఇంటి నుంచి వచ్చి, చాలా ఏళ్ళు క్యాంపస్‌లో ఒక హాస్టల్ వంటశాలలో పనిచేసింది. అక్కడ మాటలు పడలేక మానేసి, ఇంటి ముందు గదిలో పొయ్యిలు పెట్టి, తోడుగా ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకుని, జొన్న రొట్టెలూ కూరలూ చేసి మధ్యాహ్నానికి డబ్బాలు కట్టి పంపడం మొదలుపెట్టింది. చదువుకునే రోజుల్లో ఆ రొట్టెలు నేనూ తిన్నాను. అందుకని ఉద్యోగంలో చేరగానే వెళ్ళి, "అక్కా, క్యాంపస్‌లో లాబుల్లో ఉండేవాళ్ళు ఫోనెత్తరు గానీ మెయిలు పొద్దస్తమానం తెరిచే పెట్టుకుంటారు. రోజూ నీ మెనూ నేను పంపిస్తా, చూడు ఎలా వస్తాయో ఆర్డర్లు" అని ఉపన్యాసమిచ్చాను. నేను తెచ్చిన మొట్టమొదటి ఖాతా అది. ఏర్పాటు కూడా సులువే. పొద్దున కూరగాయలు తెచ్చుకుని, తొమ్మిది దాటాక అక్క ఫోన్ చేసి కూర పేరు చెబుతుంది. తొమ్మిదిన్నరకు మెయిలు డిపార్టుమెంట్లకూ లాబులకూ వెళ్తుంది. పదకొండులోగా వాళ్ళు ఫోన్ చేసి ఆర్డరిస్తారు. పప్పుకూర చెయ్యడం ముందే మొదలుపెట్టాలి, రొట్టెలు ఒక్కొక్కటీ చేత్తో తట్టాలి, కలిపిన పిండి రేపటికి పనికిరాదు. అందుచేత ఆ మెయిలు టైముకు చేరడం మీదే అక్క వ్యాపారమంతా ఆధారపడి ఉండేది.

మొదటి వారం బ్రహ్మాండంగానే గడిచింది, మంగళ, శనివారాలు తప్ప. ఆ మంగళవారం ఆర్డర్లు దాదాపు రాలేదు. ఏదో ఒకరోజు అలా అవుతుందిలే అనుకున్నాం. శనివారం మళ్ళీ అదే. తర్వాతి మంగళవారమూ అదే. మధ్యాహ్నం అక్క పెద్ద స్టీలు గిన్నె మూట కట్టుకుని ఆటోలో మా ఆఫీసుకే వచ్చింది.

"మెయిలు ఒంటిగంట దాటినంక పోతున్నదంట బిడ్డా. ఆల్లు తిని చెయ్యి కడుక్కున్నంక నా మెనూ చదువుకుంటున్నరు. గీ రొట్టెలు పడేయనీకె పానం ఒప్పుతలేదు. మీరన్న తినుండ్రి."

అలా మంగళ, శనివారాల్లో మా ముగ్గురికీ మధ్యాహ్న భోజనం స్థిరపడింది. సిగ్గుగానే ఉండేది. కానీ ఆ పచ్చిపులుసు వాసనకు సిగ్గు ఎక్కువసేపు నిలిచేది కాదు. ఆ రెండు రోజులూ అన్నా నేనూ క్యారేజీ తెచ్చుకోవడం, బాబాయ్ కింద భోజనం చెయ్యడం కూడా మానేశాం. నేను అక్కతో ధైర్యంగా, "ఇది చాలా చిన్న టెక్నికల్ ఇష్యూ అక్కా, రేపటికల్లా సెట్ చేసేస్తా" అన్నాను. అసలేం చూడకుండానే.

ముందు నా అనుమానం రొట్టె ఫోటో మీదికి పోయింది. బరువైన ఫోటో పెడితే మెయిలు మెల్లగా నడుస్తుందని తీర్మానించి దాన్ని తీసేశాను. ఫలితం లేదు. తర్వాత శీర్షికలో "వేడివేడి" అన్న మాట అవతలి యంత్రాలకు ప్రకటనలా తోస్తోందని "నేటి భోజన వివరములు" అని మార్చాను. (ఆ రోజు ఒక ప్రొఫెసరుగారు అది పరిపాలనా విభాగం సర్క్యులర్ అనుకుని ఫైల్లో పెట్టించారని తర్వాత తెలిసింది.) మిగతా రోజుల్లో ఈ మార్పులేవీ లేకపోయినా మెయిలు నిక్షేపంగా వెళ్తూనే ఉందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. సర్వర్ అన్న తన వంతుగా సర్వర్‌ని ఆపి మళ్ళీ వెయ్యడం చేశాడు. అది అతని సర్వరోగ నివారిణి.

నాలుగో వారంలో అక్క వచ్చినప్పుడు గిన్నె దించి వెళ్ళిపోకుండా కుర్చీలో కూర్చుంది. కొంగుతో మొహం తుడుచుకుని చాలా మామూలుగా చెప్పింది.

"నువ్వు జెప్తివని ఈ మెయిల్ పనికి దిగిన బిడ్డా. నిన్ను అంటలేను. ఇగ ఈ నెల జూస్త. ఇట్లనే అయితే పొయ్యిలు బందువెట్టి మల్ల హాస్టల్‌కే పోత. ఆడ ఆ మాటలు పడనీకె మనసు లేదు గని, నాతోని ఇద్దరు ఆడోల్లు ఉన్నరు. ఆల్లకేం జెప్పాలె."

ఆ రోజు రొట్టె నేను ముట్టుకోలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. "రేపటికల్లా" అన్న మాట ఈసారి నోటిదాకా వచ్చి ఆగిపోయింది. "చూసి చెప్తానక్కా" అన్నాను. జీవితంలో ఆ మాట అనడం అదే మొదలు.

చూడాలంటే మెయిలు చేరే చోటికే వెళ్ళాలి. క్యాంపస్‌లో మా స్నేహితురాలొకతి పరిశోధన చేస్తుండేది. నేను ఎం.సి.ఏ.లో చేరకముందు నుంచీ చేస్తుండేది కాబట్టి అందరం థీసిస్ పిల్ల అనేవాళ్ళం. రొట్టెలక్క మెయిళ్ళు తనకీ వచ్చేవి. మంగళవారం పొద్దున్నే వెళ్ళి ఆవిడ లాబులో, ఆవిడ కుర్చీలో, ఆవిడ ఇన్‌బాక్స్ ముందు బైఠాయించాను. తొమ్మిదిన్నర అయింది. పదయింది. పదకొండయింది. ఆవిడ తన జిరాక్సు కాగితాలన్నీ ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుని, "నా థీసిస్‌కి కూడా నువ్వు ఇంత శ్రద్ధగా ఎదురుచూడలేదే" అంది. ఒంటిగంట దాటాక, పక్క గదిలోంచి క్యాంటీన్ సాంబారు వాసన వస్తుండగా, "నేటి భోజన వివరములు" దయచేశాయి.

ప్రతి మెయిలు వెనకా మామూలుగా కనబడని కొన్ని వరుసలుంటాయి. పాతకాలం కవరు మీద దారిలోని తపాలా ఆఫీసులన్నీ ముద్రలు వేసినట్టు, మెయిలు ఆగిన ప్రతిచోటా టైము నమోదవుతుంది. ఇది నేను పరీక్షలో మంచి మార్కులకు రాసిన జవాబే. నిజంగా తెరిచి చూడడం మాత్రం అదే మొదటిసారి. అందులో రెండు సంగతులు తేలాయి. ఒకటి, మా దగ్గర్నుంచి బయల్దేరి క్యాంపస్ వాళ్ళ మెయిళ్ళు అందుకునే అవతలి కంపెనీ గుమ్మం దాకా వెళ్ళిన మెయిలు లోపలికి పోవడానికే మధ్యాహ్నమైంది. ఇది అన్న దగ్గరున్న చిట్టాలతోనూ సరిపోయింది: వాళ్ళు "ఇప్పుడు రద్దీ, తర్వాత రండి" అని మాటిమాటికీ వెనక్కి పంపుతున్నారు. రెండో సంగతి నన్ను లేచి నిలబడేలా చేసింది. తొమ్మిదిన్నరకు వెళ్ళాల్సిన మెయిలు అసలు మా ఇల్లు కదిలిందే పదిన్నర దాటాక. అంటే మొదటి గంట ఆలస్యం మాదే.

"అన్నా, మనమే ఆపుతున్నాం" అన్నాను ఫోన్లో.

"కసమ్‌, నేనేం ఆపుతలేను చెల్లె. సర్వర్ సబ్..." అని మధ్యలో ఆగి, "జర ఉండు, నేను చూస్త" అన్నాడు. అన్న నోట ఆ మాట రావడం కూడా అదే మొదటిసారి.

శనివారం కోసం ఇద్దరం కాచుకున్నాం. అన్న హాల్లో క్యూ మీద, అంటే వెళ్ళాల్సిన మెయిళ్ళ వరస మీద, కళ్ళు పెట్టి కూర్చున్నాడు. నేను కోచింగ్ సెంటర్ ఫైలు వెతికే మిషతో బాబాయ్ గదిలో బీరువా దగ్గర నిలబడ్డాను. బాబాయ్ పేపరు చదువుతున్నాడు. తొమ్మిదవుతుండగా పేపరు మడిచాడు. గోడ మీద పంచాంగం క్యాలెండరు చూశాడు. చేతి గడియారం చూశాడు. మౌసు జరిపి, కళ్ళు మూసుకుని, ఒకసారి నొక్కాడు.

"ఆగింది" అన్నాడు అన్న హాల్లోంచి.

నేను బీరువా తలుపు మూసి, "బాబాయ్, ఏం నొక్కావు?" అన్నాను.

"ఆపు బటన్" అన్నాడాయన, టైమెంత అంటే చెప్పినట్టు. "ఇందులో దాపరికం ఏముందే? మీరడగలేదు, నేను చెప్పలేదు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర దాకా రాహుకాలం. మంగళవారం సరిగ్గా అదే టైముకి యమగండం. తెలిసి తెలిసి ఆ టైములో మెయిళ్ళు ఎలా వదులుతాం? మిగతా వాళ్ళవి ఎలా ఉన్నా, ఆ రొట్టెల అమ్మాయి పాపం ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోందని, ఆవిడవి మరీ జాగ్రత్తగా ఆపుతున్నాను."

హాల్లోంచి అన్న మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈసారి హెల్మెట్ తీసి చేత్తో పట్టుకున్నాడు. "గా బటన్ నేనే పెట్టిన చెల్లె. ఓపెనింగ్ నాడు ముహూర్తానికి ఫస్ట్ మెయిల్ పోవాలె, అందాక ఆపాలె అన్నడు సారు. ఒక్కరోజే వాడుతడనుకున్న."

అప్పుడు నేను బాబాయ్‌కి అంతా విడమరిచి చెప్పాను. గంటన్నరపాటు ఆపిన మెయిళ్ళన్నీ, చీరలూ పళ్ళూ కోచింగులూ కలిసి, రాహుకాలం ముగిసిన క్షణాన ఒక్కసారిగా వెళ్ళి అవతలి వాళ్ళ గుమ్మం మీద పడుతున్నాయనీ, ఇదేదో చెత్త దండయాత్రలా ఉందని వాళ్ళు బెదిరి తర్వాత రమ్మంటున్నారనీ, మన సర్వరు కాసేపాగి వెళ్తుందనీ, కాదంటే ఇంకాస్త ఎక్కువసేపు ఆగుతుందనీ, ఇలా అడుగుతూ అడుగుతూ ఒంటిగంట చేస్తోందనీ. రాహుకాలం వేరే పూటలకు మారిన రోజుల్లో చీరల మెయిళ్ళు కూడా ఇలాగే ఆలస్యమవుతున్నాయి గానీ, చీర చల్లారిపోదు కాబట్టి ఎవరూ అడగలేదు. బాబాయ్ శ్రద్ధగా విన్నాడు. "వాళ్ళు మాత్రం మంచి టైము చూసుకోరంటావా?" అన్నాడు.

"పోనీ సార్, అక్కది ఒక్కటి ముంగట వదులుదం పదిన్నరకు" అన్నాడు అన్న.

"పదిన్నరకు పోతే పదకొండుకి ఆర్డర్లెలా వస్తాయన్నా? చదవాలి, పక్కవాళ్ళని అడగాలి, ఫోన్ చెయ్యాలి" అన్నాను. నాకు ఏడుపు వచ్చేలా ఉంది. "బాబాయ్, మెయిలుకి రాహుకాలమేంటి? అదేమైనా మనిషా?"

"బయల్దేరుతుందా లేదా? ఎక్కడికో చేరుతుందా లేదా? మరి అది ప్రయాణమే కదటే" అన్నాడు బాబాయ్. ఎం.సి.ఏ.లో మాకు ఈ పాఠం చెప్పలేదు. ఆయన మొండివాడు కాదు. అక్క మీద నాకున్నంత ప్రేమ ఆయనకూ ఉంది. అందుకే అసలు కదలడం లేదు.

అప్పటికి పిన్ని కాఫీ ట్రేతో గుమ్మం దగ్గర ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో తెలియదు. ట్రే టేబులు మీద పెట్టి, ఆఫీసు చరిత్రలో మొదటిసారి నోరు విప్పింది.

"ప్రయాణమే అయితే ప్రస్థానం పెట్టండి."

మా ఇళ్ళల్లో అదొక అలవాటు. బయల్దేరాల్సిన టైముకి చెడు ఘడియలు అడ్డొస్తే, అంతకుముందే మంచి ఘడియలో ఒక సంచీ తీసుకెళ్ళి పక్కింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. ఆ తర్వాత రాహుకాలంలో కదిలినా దోషం లేదు. "మొన్న అన్నవరం వెళ్ళేటప్పుడు మీ పంచెల సంచీ ఎదురింటి వాళ్ళ వరండాలో పెట్టించలేదూ? రైలు రాహుకాలంలో ఉందని రైలుని ఆపారా?" అంది పిన్ని.

బాబాయ్ లేచి వెళ్ళి క్యాలెండరు ముందు నిలబడ్డాడు. కాఫీ చల్లారింది. "మెయిలుకి సంచీ ఎక్కడుందే?" అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"తొమ్మిదిలోపు ఒక మెయిలు ఎవరికైనా పంపండి. అదే సంచీ."

"మేడం, దాన్ని మేము టెస్ట్ మెయిల్ అంటం" అన్నాడు అన్న. "నాకు పంపుండ్రి. లాలాపేట అడ్రస్."

బాబాయ్ మొహం మళ్ళీ ముడుచుకుంది. "మంగళవారం ఉత్తరానికి వారశూల, అటు బయల్దేరకూడదు. లాలాపేట మనకి ఉత్తరమే కదయ్యా."

"మెయిలు సీదా లాలాపేటకు రాదు సార్. ఏదో దేశంల ఉన్న సర్వర్‌కి పోయి, ఆడికెంచి నా ఫోన్లకు వస్తది."

"ఆ దేశం ఏ దిక్కు?"

"ఎవ్వరికీ తెల్వదు సార్."

బాబాయ్ "తెలియనిదానికి దోషం లేదు" అని తీర్పు చెప్పాడు. నేను పిన్ని కాళ్ళకు దణ్ణం పెట్టినంత పని చేశాను. (ఆ సాయంత్రం ఆపు బటన్ తీసేయడానికి కూడా బాబాయ్ ఒప్పుకున్నాడు. పనిలో పనిగా అన్నా నేనూ కలిసి, మెయిళ్ళు గుంపుగా కాకుండా విడతలు విడతలుగా వెళ్ళేలా కూడా సరిచేశాం.)

మంగళవారం తొమ్మిదికి కాస్త ముందు బాబాయ్ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని వచ్చి, సర్వర్ అన్నకు మెయిలు పంపాడు. అందులో పసుపు రంగు అక్షరాలతో "శ్రీరస్తు" అని మాత్రం రాశాడు. పక్క కుర్చీలోనే ఉన్న అన్న ఫోన్ టింగుమంది. "చేరింది సార్" అన్నాడు. బాబాయ్ చేతులు జోడించాడు. తొమ్మిదిన్నరకు, నిండు యమగండంలో, రొట్టెలక్క మెయిలు మా ఇల్లు కదిలింది. నేను థీసిస్ పిల్లకు ఫోన్ చేస్తే, హలో అనకుండా, "వచ్చిందిలే, చిక్కుడుకాయ కూర" అని పెట్టేసింది.

ఆ తర్వాత పొద్దు గడవలేదు. మామూలుగా మంగళవారాల్లో పదకొండున్నరకల్లా, ఆర్డర్లు రాలేదని అక్క ఫోన్ వచ్చేది. ఆ రోజు రాలేదు. పన్నెండుకీ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. బాబాయ్ రెండుసార్లు క్యాలెండరు తిరగేశాడు. అన్న ఏ కారణమూ లేకుండా హెల్మెట్ పెట్టుకున్నాడు. ఒంటిగంట దాటింది. విసిగిపోయి పొయ్యిలు ఆర్పేసి హాస్టలుకు వెళ్ళిపోయిందేమో అన్న భయం ముగ్గురికీ పట్టుకుంది. రెండు కావస్తుండగా ఫోన్ మోగింది. వెనకాల గిన్నెల చప్పుడు, ఎవరో ఆడవాళ్ళ నవ్వులు.

"ఏమనుకోకు బిడ్డా, ఫోనెత్తనీకె తీరికె లేకపాయె. పిండి అయిపోతే మల్ల తెప్పించిన, గదీ అయిపాయె. మీకోసం ఒక్క రొట్టెన్న పక్కకు పెడదామనుకున్న. నిలువలే. మీరు తిన్నరా?"

"తిన్నామక్కా" అన్నాను. ఫోన్ పెట్టి చూస్తే ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు. ఒక్క రొట్టె కూడా మిగల్లేదని చెప్పాను. "ప్రస్థానం మహిమ" అన్నాడు బాబాయ్. "విడతలుగా పంపడం వల్ల" అన్నాను నేను. "సర్వర్ సబ్ ఠీక్ ఉన్నది" అన్నాడు అన్న. ఆ తర్వాత చాలాసేపటికి గానీ, ఆ పూట మా ముగ్గురికీ తిండి లేదన్న సంగతి గుర్తు రాలేదు. కింద పిన్ని అప్పటికే భోజనం ముగించి గిన్నెలు కడిగేసింది.

ఇప్పుడు నేను నగరానికి అటు చివర ఓ పెద్ద కంపెనీలో ఇదే పని చేస్తున్నాను. మెయిళ్ళు ఆలస్యమైతే కారణమేమిటి, ఏం చేశాం, ఫలితమేమిటి అని నివేదికలు రాస్తాను. నా కింద పనిచేసే పిల్లలు చూడకుండానే జవాబులు చెబుతుంటే ముచ్చటగా చూస్తుంటాను. ఆ మంగళవారానికి నేను నివేదిక రాయలేదు. రాసి ఉంటే ఫలితం అన్న చోట, "ముగ్గురం పస్తున్నాం" అని రాయాల్సి వచ్చేది. అంత సంతోషంగా ఆకలేసిన రోజు నాకు మళ్ళీ రాలేదు.